ఏటికొప్పాక లక్క బొమ్మలు: ఏ వయసుకు ఏది కొనాలి, దేనికి ఆగాలి

ఏటికొప్పాక గిలక్కాయ నాలుగో నెల నిండగానే బిడ్డ చేతికి ఇవ్వాల్సిన వస్తువు. లక్కపిడతలు మూడేళ్లు దాటేదాకా అటక దిగకూడని వస్తువు. ఈ రెంటినీ ఒకే అట్టపెట్టెలో సర్ది, పైన రిబ్బను కట్టి ‘బారసాల గిఫ్ట్ సెట్’ అని అమ్మేస్తున్నారు. బొమ్మల పనితనానికి వంక పెట్టేదేమీ లేదు. తంటా అంతా వయసు దగ్గరే. ఈ నెలలో ఈ బిడ్డ చెయ్యి ఏం పట్టుకోగలదు, కన్ను ఏం చూడగలదు, బుర్ర ఏ చిక్కు విప్పగలదు అన్నది చూడకుండా కొంటే, ఎంత మంచి బొమ్మయినా రెండు రోజుల్లో మంచం కిందికి పోతుంది. ఖర్మ కాలితే గొంతులోకి పోతుంది. అందుకే సెట్‌గా కాకుండా ఒక్కో బొమ్మనూ విడిగా చూద్దాం.

ముందు సరుకు సంగతి. ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ అంకుడు కర్రను లేత్‌కు (కర్రను గిర్రున తిప్పే యంత్రానికి) బిగించి, ఉలితో రూపం తీసి, ఇంకా తిరుగుతున్న కర్రకే రంగు కలిపిన లక్క కడ్డీని అదిమి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టేస్తుంది. మొగలి ఆకుతో రుద్దితే ఆ నునుపు, మెరుపు వస్తాయి. బ్రష్షుతో పూసిన పెయింటులా పెచ్చులుగా లేచే గుణం దీనికి తక్కువ. పసుపు, నీలి, జాఫ్రా గింజల్లాంటి వాటి నుంచి తీసిన రంగుల్ని ఈ పనిలోకి మళ్లీ తెచ్చినవారిలో ముఖ్యులు సి.వి. రాజు గారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకు జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు) 2017లో వచ్చింది.

కొండపల్లి బొమ్మల్ని, వీటిని ఒకటిగా చూడకండి. కొండపల్లివి తెల్లపొణికి కర్రతో ముక్కలు ముక్కలుగా చెక్కి, అతికించి, పైన రంగులు వేసినవి. బొమ్మల కొలువులో వాటి అందమే అందం. కానీ నోట్లో పెట్టుకునే వయసు బిడ్డకు అతుకులున్న బొమ్మ, పూసిన రంగు రెండూ పనికిరావు. లేత్ మీద ఒకే ముక్కగా తీసిన లక్క బొమ్మకు ఉన్న అసలు బలం అదే.

ఇక భద్రత. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే పిల్లల బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ఇచ్చే ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. అయితే హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకు, జీఐ సరుకు తయారుచేసే అధీకృత వాడకందార్లకు మినహాయింపు ఇచ్చారు. నాలుగు లేత్‌లున్న ఇంటి మీద ల్యాబ్ ఫీజుల భారం పడకుండా చూసిన మంచి నిర్ణయం అది. కాకపోతే ఐఎస్ఐ గుర్తు లేని బొమ్మ చేతికొచ్చినప్పుడు పరీక్ష చేసుకోవాల్సింది మనమే. దానికి పది నిమిషాలు చాలు.

మొదటిది గొట్టం పరీక్ష. మందపాటి అట్ట ముక్కను 10 సెంటీమీటర్ల వెడల్పు, 5.7 సెంటీమీటర్ల ఎత్తుకు కత్తిరించండి. వెడల్పును చుట్టి రెండు అంచుల్నీ ఒకదాని మీదికి ఒకటి రాకుండా, అంచుకు అంచు ఆనేలా టేపు వేయండి. లోపలి వ్యాసం దాదాపు 3.2 సెంటీమీటర్లు వస్తుంది. చిన్న ముక్కల పరీక్షకు ల్యాబుల్లో వాడే సిలిండర్ వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. ల్యాబుది లోపల ఏటవాలుగా ఉంటుంది, మన గొట్టం లోతు దానికంటే కాస్త ఎక్కువ. అంటే మన పరీక్ష ఇంకొంచెం కఠినం, మంచిదే. బొమ్మ గానీ, దాన్నుంచి ఊడొచ్చే ముక్క గానీ ఎటు తిప్పి పెట్టినా ఆ గొట్టంలో పూర్తిగా మునిగితే, మూడేళ్ల లోపు బిడ్డకు అది వద్దు. గుండ్రటివి ఇంకా ప్రమాదం. గొంతుకు బిరడాలా పడతాయి, గాలి పోవడానికి సందు ఉండదు. 4.5 సెంటీమీటర్ల లోపు గోళీ ఏదైనా పక్కన పెట్టండి.

రెండోది లాగుడు. తలలు, చక్రాలు, మేకులు అన్నింటినీ చేత్తో పట్టి మెలితిప్పి, బలంగా లాగి చూడండి. జిగురుతో అతికించిన ముక్కలు వేసవి గాలికి కర్ర ఆరి ముడుచుకున్నప్పుడు వదులవుతాయి కాబట్టి ఈ పని కొన్నప్పుడు ఒకసారి, ఎండాకాలంలో మరోసారి చేయాలి. మూడోది పూత. బొమ్మ అడుగున కనపడని చోట శానిటైజర్ అద్దిన తెల్ల దూదితో పది సెకన్లు రుద్దండి. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది కాబట్టి దూదికి రంగు అంటి, రుద్దిన చోటు కాస్త జిగటగా అవుతుంది. ఏమీ అంటలేదంటే అది ఎనామిల్ లాంటి వేరే పూత అయ్యుండాలి. లక్కలో కలిపింది మొక్క రంగా, రసాయనమా అన్నది మాత్రం ఈ పరీక్షలో తేలదు. రేడియంలా కొట్టొచ్చే ఆకుపచ్చ, గులాబీ కనిపిస్తే అనుమానించండి. పసుపు, నీలి కలిపిన ఆకుపచ్చ ఎప్పుడూ కాస్త మెత్తగానే ఉంటుంది.

ఇప్పుడు గిలక్కాయ. పసిబిడ్డ అరచేతిలో వేలు పెడితే గట్టిగా పట్టేస్తుంది కదా, అది కావాలని పట్టుకోవడం కాదు, రిఫ్లెక్స్. ఆ పట్టులో వదలడం ఉండదు. ఉయ్యాల్లో వేసిన రోజునే గిలక్కాయ చేతిలో పెడితే, చెయ్యి విసిరినప్పుడల్లా కర్ర వెళ్లి నుదుటికి తగులుతుంది. నాలుగో నెల ప్రాంతానికి ఆ రిఫ్లెక్స్ సడలి, చూసి చెయ్యి చాచడం మొదలవుతుంది. ఆరో నెల దగ్గర ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకోవడం వస్తుంది. కొనేటప్పుడు చూడాల్సింది: పట్టుకునే చోటు ఒక సెంటీమీటరు లావు, రెండు చివర్లూ గొంతు దిగనంత లావు, మొత్తం బరువు తక్కువ. ఒక చివర గుండు, రెండో చివర సన్నగా పొడుగు కాడ ఉన్నవి చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ కొనకండి. పళ్లు వచ్చే వయసులో ఆ కాడే ముందు నోట్లోకి పోతుంది.

గిలక్కాయల్లో రెండు రకాలున్నాయి. ఒకటి లోపల గింజలు వేసి మూసేసినది. రెండోది కాడ మీద వదులుగా తిరిగే రింగులున్నది. రింగులదే మేలు, ఎందుకంటే చప్పుడు చేసేదేమిటో బిడ్డకు కంటికి కనపడుతుంది. ఊపితే రింగు కదిలింది, కదిలితే మోగింది. మూసిన గిలక్కాయలో ఈ గొలుసు మధ్యలో తెగిపోతుంది, పైగా బిరడా ఊడితే గింజలన్నీ నోట్లోకే. రింగులది కొంటే రింగుకూ గుండుకూ మధ్య సందు చూడండి. 5 మిల్లీమీటర్లకు తక్కువో, 12కు ఎక్కువో ఉండాలి. ఆ మధ్యలో ఉంటే చిటికెన వేలు నలుగుతుంది.

గిలక్కాయ నేర్పేది చిన్న సంగతిలా కనిపిస్తుంది, కాదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కరోలిన్ రోవీ-కోలియర్ 1969 నుంచి చేసిన ప్రయోగాల్లో, ఉయ్యాల మీద వేలాడే బొమ్మలకూ పసిబిడ్డ కాలికీ రిబ్బను కట్టారు. కాలు తన్నితే బొమ్మలు ఊగుతాయి, గట్టిగా తన్నితే ఎక్కువ ఊగుతాయి. రెండు మూడు నెలల పిల్లలు కొద్ది నిమిషాల్లోనే ఈ లంకె పట్టేసి తన్నడం పెంచారు. అదే బొమ్మల్ని మళ్లీ చూపిస్తే మూడు నెలల పిల్లలకు దాదాపు వారం దాకా, ఆరు నెలల వాళ్లకు రెండు వారాల దాకా గుర్తుంది. ఇక్కడ కీలకం ‘గట్టిగా చేస్తే ఎక్కువ’ అన్నది. గిలక్కాయ సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. మెల్లగా ఊపితే టిక్కు, విసిరితే గలగల. మీట నొక్కితే అర నిమిషం పాటు దానంతటదే పాడే బ్యాటరీ బొమ్మలో బిడ్డ చేసిన పనికీ వచ్చిన ఫలితానికీ కొలత కుదరదు. ఒకసారి నొక్కాక మిగతా సమయమంతా బిడ్డ ప్రేక్షకురాలే.

బ్యాటరీ బొమ్మలకు ఇంకో నష్టం కూడా ఉంది, అది పెద్దవాళ్ల వైపు నుంచి వస్తుంది. 2016లో అనా సోసా అనే పరిశోధకురాలు 10 నుంచి 16 నెలల పిల్లలున్న 26 కుటుంబాల ఇళ్లలో మాటల్ని రికార్డు చేసి చూశారు. ఎలక్ట్రానిక్ బొమ్మలతో ఆడుతున్నప్పుడు తల్లిదండ్రులు మాట్లాడిన మాటలు పుస్తకాలతో, మామూలు బొమ్మలతో ఆడినప్పటికంటే తక్కువ. పిల్లల పలుకులు కూడా పుస్తకాలప్పటికంటే తగ్గాయి. బొమ్మే మాట్లాడుతుంటే అమ్మ ఊరుకుంటుంది. అంకుడు కర్ర ఏమీ మాట్లాడదు, కాబట్టి మనం మాట్లాడాల్సి వస్తుంది. ‘ఐక్యూ పెంచే బొమ్మ’ అని పెట్టె మీద రాసుకున్నదాన్ని నమ్మకండి. ఏ కర్రా ఆ పని చేయదు. బొమ్మ చేయగలిగిందల్లా బిడ్డ చేతికి సరైన పని, మన నోటికి సరైన మాట ఇవ్వడమే.

గిలక్కాయ రంగు గురించి ఒక మాట. అప్పుడే పుట్టిన బిడ్డకు 20, 30 సెంటీమీటర్ల దూరంలోవే కాస్త తెలుస్తాయి, అదీ చీకటి వెలుగుల తేడా గట్టిగా ఉంటేనే. రంగుల మధ్య తేడా బాగా పట్టుబడేది మూడు నాలుగు నెలలకు. పసుపు పక్కన లేత నారింజ ఉన్న గిలక్కాయ మనకు కన్నుల పండుగే గానీ, రెండు నెలల బిడ్డకు మొత్తం ఒకే మసక ముద్ద. ఈ బొమ్మల్లో నాకున్న చిన్న అసంతృప్తి ఇదే: మొదటి మూడు నెలల్లో, చేతికివ్వకుండా మనమే పట్టుకుని చూపించడానికి పనికొచ్చేలా ముదురు గోధుమ, లేత పసుపు పక్కపక్కన ఉన్న పట్టీలు తక్కువ దొరుకుతాయి. అడిగి వెతకాలి.

రింగుల స్తంభం పదో నెల బొమ్మ. అడుగున పీట, మధ్యలో కర్ర, దాని మీద పెద్ద నుంచి చిన్నకు ఐదారు రింగులు, పైన తలకాయ. ఆ తలకాయను ముందు గొట్టంలో వేసి చూడండి. చాలా సెట్లలో తప్పేది అక్కడే. మునిగిందంటే మూడేళ్లు నిండేదాకా దాచేసి, మిగతాది ఇవ్వండి. పదో నెలలో పాప రింగులు తీస్తుంది, వేయదు. అది చేతకాకపోవడం కాదు. తీయడానికి పట్టు చాలు, వేయడానికి రంధ్రాన్ని కర్రకు సూటిగా పట్టి సరైన క్షణంలో వదలాలి. ఆ వదలడం ఏడాది దాటాక కుదురుతుంది. పరిమాణం వరసలో పేర్చడం చాలామందికి మూడేళ్ల దగ్గర వస్తుంది. అప్పుడు కూడా ఒకటి పెట్టి, చూసి, తీసి, మార్చి. ముందే అన్నింటినీ కంటితో కొలిచి వరసగా పెట్టేయడం ఏడేళ్ల దగ్గరి పని అని స్విస్ మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే చూపించాడు. కాబట్టి ఏడాదిన్నర పాప చేతిలోంచి రింగు లాక్కుని ‘కాదమ్మా, పెద్దది ముందు’ అని సరిదిద్దడం వల్ల పాప నేర్చుకునేది ఒక్కటే: ఈ బొమ్మ అమ్మది.

ఇందులో తయారీ లోపం ఒకటుంది, కొనేవాళ్లు తప్పక చూడాలి. మధ్య కర్ర కింద నుంచి పైదాకా ఒకే లావుగా ఉంటే ఏ రింగు ఏ వరసలోనైనా దిగిపోతుంది. తప్పు జరిగిందని బొమ్మ చెప్పదు, పెద్దవాళ్లే చెప్పాల్సి వస్తుంది. కర్ర కింద లావుగా, పైకి సన్నగా ఉండి, రింగుల రంధ్రాలూ దానికి తగ్గట్టే ఉంటే, చిన్న రింగు ముందు వేసినప్పుడు మధ్యలోనే ఆగిపోతుంది. పాప దాన్ని చూస్తుంది, తీస్తుంది, మళ్లీ చూస్తుంది. మాంటిసోరి సామగ్రిలో తప్పును వస్తువే పట్టిచ్చేలా చేసే ఏర్పాటు ఇదే. రెండో లోపం రంధ్రం బిగుతు. కర్రకూ రంధ్రానికీ తేడా 2 మిల్లీమీటర్లే ఉంటే ఏడాది పాప చేతికి సాధ్యం కాదు. వానాకాలం తేమకు కర్ర ఉబ్బితే పెద్దవాళ్లకే సాధ్యం కాదు. 5, 6 మిల్లీమీటర్ల తేడా కావాలి. నిలబెట్టిన కర్ర మీద పడితే దెబ్బ తగలకుండా పై కొన గుండ్రంగా ఉండాలి, పీట కొంచెం తోస్తే పక్కకు పడిపోయేలా ఉండాలి. నేలకు పాతుకున్నట్టు ఉండే బరువు పీట ఇక్కడ గొప్ప కాదు.

నా లెక్కలో మొత్తం సరుకులో పెట్టిన డబ్బుకు ఎక్కువ ఏళ్లు పనికొచ్చేది ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెల జత. ఎనిమిదో నెల నుంచి మూడేళ్ల దాకా ప్రతి ఆర్నెల్లకూ అది కొత్త బొమ్మే.

ఎనిమిది తొమ్మిది నెలల బాబు ముందు గిలక్కాయను గిన్నె కింద దాచండి. గిన్నె ఎత్తి తీసుకున్నాడంటే, కనపడని వస్తువు కూడా ఉందన్న సంగతి చేతిలోకి వచ్చినట్టు. ఇప్పుడు రెండు గిన్నెలు బోర్లించి, ఎడమ దాని కింద మూడుసార్లు దాచి మూడుసార్లూ తీయనివ్వండి. నాలుగోసారి, వాడు చూస్తుండగానే కుడి దాని కింద పెట్టి, రెండు మూడు సెకన్లు ఆపి, రెండూ వాడి దగ్గరికి జరపండి. చాలామంది పిల్లలు ఎడమ గిన్నే ఎత్తుతారు. చూడక కాదు, మరిచిపోయీ పూర్తిగా కాదు. అలవాటైన చేతి కదలికను ఆపుకునే శక్తి ఇంకా రాలేదు. 1985లో అడెల్ డైమండ్ ప్రచురించిన పరిశీలనలో, ఎంతసేపు ఆపితే పిల్లలు తప్పుతారో ఆ వ్యవధి నెలకు సగటున 2 సెకన్ల చొప్పున పెరిగింది. ఏడున్నర నెలల్లో 2 సెకన్ల లోపు, ఏడాదికి 10 సెకన్ల పైన. ఇంట్లో ఇది పరీక్షగా పెట్టకండి, ఆటగానే ఆడండి. ఎడమ గిన్నె ఎత్తి ఖాళీ చూసి తెల్లబోయే ఆ మొహం వెనక ఎంత పని జరుగుతోందో తెలిస్తే, ‘మొద్దు’ అనే మాట నోట రాదు.

ఏడాది దాటాక గిన్నెలు వేరే పాఠం చెబుతాయి. 1972లో ప్యాట్రీషియా గ్రీన్‌ఫీల్డ్ బృందం 11 నుంచి 36 నెలల పిల్లలకు ఐదు గిన్నెలిచ్చి చూసింది. చిన్నవాళ్లు ఒక గిన్నెను ఇంకో గిన్నెలో పెట్టి అక్కడితో ఆపేశారు. కొంచెం పెద్దవాళ్లు ఒక పెద్ద గిన్నెను కదలకుండా ఉంచి అందులోకి ఒక్కొక్కటీ వేశారు. ఇంకా పెద్దవాళ్లు చిన్నదాన్ని మధ్య గిన్నెలో పెట్టి, ఆ జతను జతగా ఎత్తి పెద్దదాంట్లో పెట్టారు. మూడో పద్ధతిలో మధ్య గిన్నె ఒకే ఆటలో రెండు వేషాలు వేస్తుంది: ముందు పట్టుకునేది, తర్వాత పట్టుబడేది. అది బుర్రకు పెద్ద మెట్టు. మీరు చూపించి చేయిస్తే ఆ మెట్టు ఎక్కినట్టు కనపడుతుంది గానీ ఎక్కరు. 2011లో ఎలిజబెత్ బోనావిట్జ్ బృందం చేసిన ప్రయోగం కూడా దీన్నే గట్టి చేస్తుంది. రకరకాల పనులు చేసే బొమ్మలో పెద్దవాళ్లు ఒక్క పనిని నేర్పుతున్నట్టు చూపించినప్పుడు, బడికి వెళ్లబోయే వయసు పిల్లలు ఎక్కువగా ఆ ఒక్క పనే చేస్తూ ఉండిపోయారు. ఏమీ చూపించని పిల్లలు మిగతా పనుల్ని వాళ్లకంటే ఎక్కువగా కెలికి కనిపెట్టారు. గిన్నెలు ఇచ్చేసి, పక్కన కూర్చుని, ‘లోపల పెట్టావా, బయటికి తీశావా, ఇది పట్టలేదే’ అని వాళ్లు చేస్తున్నదానికే మాట జోడిస్తే చాలు.

గిన్నెలు కొనేటప్పుడు పక్కపక్క గిన్నెల అంచుల తేడా కనీసం 8 మిల్లీమీటర్లు ఉండాలి. ఎంత చక్కగా అమిరితే అంత గొప్ప పనితనం అనుకుంటాం. ఏడాదిన్నర చేతులకు అది శాపం, గాలి కూడా చొరనంత బిగుతుగా ఇరుక్కుపోతాయి. మధ్యలో విడిపోయి లోపల ఇంకో బొమ్మ ఉండే రకం అయితే మూడేళ్ల తర్వాతే. అన్నిటికంటే లోపలి బొమ్మ గొట్టంలో దాదాపు ఎప్పుడూ మునుగుతుంది.

లాగుడు బొమ్మల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నడక కుదిరాక, ఏడాదిన్నర దగ్గర, వెనక్కి చూస్తూ ముందుకు నడవడం నేర్పుతాయి. తాడు పొడుగే సమస్య. 22 సెంటీమీటర్లు దాటితే మెడకు చుట్టుకునే భయం, దాటకపోతే లాగడానికి చాలదు. మీరు పక్కనుంటే పొడుగు తాడు, ఆట అవగానే తాడు విప్పి లోపల పెట్టడం. చక్రాల ఇరుసుకు మేకు కాకుండా కర్ర చీల ఉన్నది వెతకండి.

లక్కపిడతలకు వస్తే, ఇవి తెలుగిళ్ల సొంత బొమ్మలు. వీటి మీద నాకు చాలా ప్రేమ ఉంది, అందుకే గట్టిగా చెబుతున్నాను: మూడేళ్ల లోపు వద్దు. రోకలి, గరిటె, చెంబు, తిరగలి పిడి, అన్నీ గొట్టంలో మునిగేవే. ఖాళీ గ్లాసు ఎత్తి తాగినట్టు నటించడం ఏడాది, ఏడాదిన్నర మధ్య మొదలవుతుంది నిజమే. ఆ వయసుకు వంటింట్లో ఉన్న అసలు స్టీలు గ్లాసు, చిన్న గిన్నె చాలు, మేలు కూడా. చిన్న బొమ్మలు ఇవ్వకపోవడానికి ఇంకో కారణం ఉంది. సెట్‌లో మూడంగుళాల పీట ఉంటే రెండేళ్ల బిడ్డ దాని మీద నిజంగానే కూర్చోబోతుంది. 2004లో జూడీ డిలోచ్ బృందం ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల పిల్లల్లో ఈ పొరపాటును నమోదు చేసింది. బుల్లి కుర్చీలో కూర్చోబోవడం, బుల్లి కారులో కాలు దూర్చబోవడం. వస్తువేమిటో గుర్తుపట్టే చూపు, దాని కొలతను చేతికీ కాలికీ అందించే చూపు ఆ వయసులో ఇంకా ఒకదాన్నొకటి కలుసుకోవు. బిడ్డకు ఏమీ కాకపోవచ్చు, పీట మాత్రం విరుగుతుంది.

మూడు దాటాక పిడతలకు తిరుగులేదు. నాలుగేళ్ల వాళ్లు ‘నువ్వు అమ్మమ్మవి, నేను అమ్మను, చుట్టాలొచ్చారు’ అని వేషాలు పంచుకుంటారు. మాట, వరస, తన వంతు దాకా ఆగడం అన్నీ అందులోనే. కానీ ఆటలోకి వచ్చేది చూసిన పనే. ఇంట్లో మిక్సీ తప్ప తెలియని పాపకు తిరగలి ఒక చక్రం, రోలు ఒక కప్పు. పొయ్యి, గిన్నెలు, గరిటె, అట్లకాడ, కప్పులు ఎక్కువున్న సెట్ కొనండి. తిరగలి, రోలు ఉంటే ఎవరైనా విసిరి, దంచి చూపించిన తర్వాతే వాటికి ప్రాణం వస్తుంది. పిల్లలు విదేశాల్లో ఉంటే నానమ్మ వీడియో కాల్‌లో చూపించినా పనిచేస్తుంది. రెండేళ్లు దాటిన పిల్లలు రికార్డు చేసిన వీడియో నుంచి సరిగా నేర్చుకోలేని కొత్త మాటల్ని, ఎదుటి మనిషి తమకు జవాబిచ్చే వీడియో కాల్‌లో నేర్చుకున్నారని 2014లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది.

పిడతల్లో నీళ్లు పోయనివ్వకండి. లక్క తెల్లబారుతుంది, అడుగున కర్ర ఉబ్బి పగులుతుంది. వండే ఆటకు శనగలు, పెసలు ఇస్తే ముక్కులో, చెవిలో దూర్చుకుంటారు. మరమరాలు, అటుకులు సరి. సెట్ మొత్తం ఒకేసారి ముందు పోయడం కూడా దండగ. టొలీడో విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ప్రచురించిన ప్రయోగంలో, 16 బొమ్మలున్న గదిలో కంటే 4 బొమ్మలున్న గదిలో చిన్నపిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. ఐదారు పిడతలు బయట ఉంచి వారానికోసారి మార్చండి.

బొంగరం అందరూ అందం చూసి కొంటారు, అందులో ఉన్న సైన్సు చూడరు. కాడను బొటనవేలు, చూపుడువేలు మధ్య నలిపి తిప్పడం నాలుగైదేళ్లకు వస్తుంది. తాడు చుట్టి విసిరేది ఏడెనిమిదేళ్ల పని. ఏటికొప్పాక బొంగరం తిరిగేటప్పుడు రంగులు కలిసిపోవు, గమనించండి. లక్క పూసేది తిరుగుతున్న కర్రకు కాబట్టి రంగులు ఎప్పుడూ చుట్టు పట్టీలుగానే పడతాయి, తిరిగినా ఎక్కడి పట్టీ అక్కడే. రంగులు కలవాలంటే ముక్కలు కేంద్రం నుంచి అంచుకు ఉండాలి. బొంగరం వెడల్పుకు సరిపడా అట్ట బిళ్ల కత్తిరించి, దాన్ని ఎనిమిది సమాన ముక్కలు చేసి ఎరుపు, పసుపు ఒకటి విడిచి ఒకటి వేయండి. నడుమ రంధ్రం చేసి కాడకు బిగుతుగా తొడిగి తిప్పితే నారింజ కనపడుతుంది. రెండే సగాలు వేస్తే మినుకుమినుకుమంటుంది. సెకనుకు పది చుట్లు తిరిగినా ఎరుపు-పసుపు జత కంటి ముందు సెకనుకు పదిసార్లే వచ్చిపోతుంది, అది కలవడానికి చాలదు. ఎనిమిది ముక్కలైతే ఆ జత నలభైసార్లు.

ఏడేళ్లు దాటితే బెన్‌హామ్ బిళ్ల చేయించండి. బిళ్లలో సగం పూర్తిగా నలుపు. మిగిలిన తెల్ల సగాన్ని నాలుగు భాగాలనుకుని, ఒక్కో భాగంలో కేంద్రం నుంచి ఒక్కో దూరంలో మూడేసి సన్నని నల్ల చాపాలు గీయాలి. బొంగరం వేగం కాస్త తగ్గాక ఆ నల్ల గీతలు ఎర్రగా, పచ్చగా, నీలంగా కనపడతాయి. ఎదురు దిక్కుకు తిప్పితే ఆ రంగుల వరస తిరగబడుతుంది. కాగితం మీద రంగు లేదు. నలుపు తెలుపులు మారే తీరుకు మన చూపు ఇస్తున్న జవాబు అది. మూర్ఛ వచ్చే పిల్లలకు ఈ మినుకు ఆట వద్దు.

సంరక్షణ: పొడి గుడ్డ, లేదా నీటిలో తడిపి గట్టిగా పిండిన గుడ్డ, వెంటనే తుడిచేయడం. మరిగే నీళ్లలో వేయకూడదు, 70 డిగ్రీల దగ్గరే లక్క మెత్తబడుతుంది. అడుగున చేసే పూత పరీక్షకు తప్ప శానిటైజర్, స్పిరిట్ తగలకూడదు. సోడా ఉన్న సబ్బు పొడి కూడా పూతను తింటుంది. కారు డ్యాష్‌బోర్డు మీద ఎండలో వదిలితే రెండు బొమ్మలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. మొక్కల రంగులు ఎండకు వెలిసిపోతాయి కూడా.

కొనడానికి ఊరికి వెళ్లగలిగితే అంతకు మించింది లేదు. లేదంటే లేపాక్షి షోరూమ్‌లు. ఆర్డర్ మీద చేసిచ్చే కళాకారులు ఉన్నారు కాబట్టి కొలతలు రాసివ్వండి, కింద ఉన్నవన్నీ మిల్లీమీటర్లలో. రింగుల స్తంభానికి: కర్ర కింద 25, పైన 12 మిల్లీమీటర్లు, ప్రతి రింగు రంధ్రం అది కూర్చునే చోటి కర్ర లావు కంటే 5 ఎక్కువ, అన్నిటికంటే చిన్న రింగు బయటి వ్యాసం 45కు తగ్గకూడదు, తలకాయ 50. గిలక్కాయకు: కాడ 10, రెండు గుండ్లు 50, కాడ మీద రింగులు మూడు, పట్టీలు ముదురు గోధుమ, లేత పసుపు. గిన్నెలకు: ఐదు, అంచుల తేడా 8, అన్నిటికంటే చిన్నది 45. సెట్‌గా కాకుండా ఈ మూడూ వేర్వేరుగా, బిడ్డ వయసుకు తగ్గట్టు ఒక్కొక్కటిగా తెప్పించుకోండి.